నగరపు వేసవి శిబిరాలు, మన చేతి అచ్చు

ఏప్రిల్ చివరి వారం నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు పిల్లల కళా శిబిరాలు మొదలవుతాయి. ఒకప్పుడు డ్రాయింగ్, పెయింటింగ్ మాత్రమే ఉండేవి. ఇప్పుడు అచ్చుబొమ్మలు, కోలాజ్, చేతితో కాగితం తయారీ కూడా వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలు ఫోన్ పక్కనపెట్టి, చేతులకు సిరా, గుజ్జు పూసుకుని పని చేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పిల్లలు తల్లిదండ్రులతో తునికాకుకు పోతారు. యాభై ఆకులు లెక్కపెట్టి ఒక కట్ట కట్టి, పొద్దు పోయేలోగా కల్లానికి చేర్చాలి. కనుక వేసవి శిబిరం అనే మాటే మన ఊళ్లకు సరిపోదు. అయినా ఈ శిబిరాల గురించి మనం మాట్లాడుకోవాలి. ఎందుకంటే వాటిలో ‘ట్రైబల్ ఆర్ట్’ అని ఒక రోజు ఉంటోంది.

ముందు మంచి చెప్పుకుందాం. లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి, రోలర్‌తో సిరా పూసి, కాగితం పరిచి చెంచా వెనకవైపుతో రుద్దితే బొమ్మ తిరగబడి వస్తుంది. కుడి ఎడమవుతుంది, చెక్కి తీసేసిన చోటు తెల్లగా మిగులుతుంది. దీన్ని పిల్లలకు మాటలతో చెప్పలేం. ఒకసారి చేస్తే చాలు, ఇక మరిచిపోరు. అచ్చుకు మరో గుణం ఉంది. ఒక్క దిమ్మ నుంచి ఎన్నో ప్రతులు తీయొచ్చు, ఇంటింటికీ పంచొచ్చు. డబ్బున్నవాడి గోడకే పరిమితమయ్యే చిత్రం కన్నా ఇది మన బడికి దగ్గరి విద్య.

ఇది నగరంలో పుట్టిన షోకు కూడా కాదు. తెలంగాణ అచ్చుచిత్రానికి పేరు తెచ్చిన కె. లక్ష్మాగౌడ్‌ది మెదక్ ప్రాంతపు నిజాంపూర్. బరోడాలో చదువుకుని వచ్చి ఆయన రాగిరేకుల మీద గీసింది ఊరి మనుషులనీ మేకలనీ చెట్లనే. తర్వాత గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోధించారు. పల్లె జీవితాన్ని అచ్చులోకి తెచ్చిన గురువు అక్కడే పాఠం చెప్పారు. ఆ పక్కనే నడుస్తున్న పిల్లల శిబిరాలకు ఆ సంగతి తెలిసినట్టు అనిపించదు.

ఇక మా అభ్యంతరం. మేము చూసిన ఒక శిబిరంలో ‘ట్రైబల్’ రోజున పిల్లలందరికీ వర్లీ బొమ్మల అట్టముక్కలు ఇచ్చారు. రెండు త్రికోణాలు కలిపి మనిషి, గుండ్రంగా తల. వాటిని రబ్బరు మీద పెట్టి గీసి, కోసి, గోధుమరంగు కాగితం మీద అచ్చేశారు. వర్లీలు మహారాష్ట్ర ఆదివాసులు. ఆ బొమ్మలు పెళ్లి ఇంటి గోడ మీద, బియ్యప్పిండితో, పెళ్లయిన ఆడవాళ్లు గీసేవి. వాటిని గౌరవించాలంటే ఆ మాట చెప్పాలి. చెప్పకుండా ‘ట్రైబల్’ అంటే దేశమంతా ఆదివాసులు ఒకటే అయిపోతారు. హైదరాబాదు పిల్లవాడికి ఆదిలాబాద్ గోండు, భద్రాచలం కోయ, కొలాం అనే పేర్లు ఆ రోజు కూడా వినపడలేదు.

కోలాజ్ రోజు ఇంకా బాధ కలిగింది. పర్యాటక కరపత్రాల్లోంచి గుస్సాడీ ఫొటోలు కత్తిరించి, ఆ తలను ఏనుగు మీద, కారు మీద అంటించారు. పిల్లలు నవ్వుకున్నారు. వాళ్లది తప్పు కాదు. దండారి రోజుల్లో గుస్సాడీ కట్టినవాడు స్నానం చేయడనీ, నెమలి ఈకల ఆ టోపీకి పూజ చేస్తారనీ చెప్పినవాళ్లే లేరు. మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది గుస్సాడీ ఆటకే. కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి మరుసటి ఏడు వచ్చింది. డోలీలు ఇలవేల్పుల కొలుపులో విప్పే పడిగె కూడా అంతే. ఆ బొమ్మల గుడ్డ ఒక గట్టుది, ఒక గోత్రానిది. దాన్ని రబ్బరు ముద్రగా కోసి టీ షర్టు మీద వేయడానికి మన బడిలో కూడా ఒప్పుకోకూడదని మా అభిప్రాయం.

కాగితం దగ్గర మరో తమాషా. ఆఫీసు చెత్తకాగితాలు నానబెట్టి, మిక్సీలో గుజ్జు చేసి, జాలీ చట్రంతో తేల్చి ఆరబెడతారు. ‘చెట్లను కాపాడుదాం’ అని దాని మీదే రాయిస్తారు. చక్కటి పనే. కానీ కాగితం ఎక్కడ పుట్టిందో చెప్పే పాఠం లేదు. సిర్పూర్ పేపర్ మిల్లు 1938 నాటిది. ఆ మిల్లు వల్లనే కాగజ్‌నగర్‌కు ఆ పేరు. మన అడవుల వెదురు లారీలెక్కి అక్కడ గుజ్జయింది. ఆ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకుంది. భద్రాచలం దగ్గర సారపాకలో మరో మిల్లు ఉంది. వెదురు నరికినవాళ్ల పిల్లలు నోటుపుస్తకం కొనలేని రోజులు మాకు తెలుసు. ఆ కథ చెప్పకుండా చేతి కాగితం నేర్పితే అది సగం పాఠమే.

వేరే విధంగా జరగడం సాధ్యమే. జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ది మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయించే ప్రధాన్ల జాతివాడే. 1982లో తెరిచిన భోపాల్ భారత్ భవన్‌కు చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆయన్ని తీసుకువచ్చారు. అక్కడి అచ్చుల విభాగంలోనే ఆయన పని చేశారు. ఎవరో ఇచ్చిన అట్టముక్క ఆయన చేతిలో లేదు. తన దేవతలను తానే గీశారు. (ఆయన 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో పని చేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నారు. ఆ కథను కూడా మన యువకులు చదవాలి. పేరు వచ్చినంత మాత్రాన కళాకారుడి చేతికి స్వేచ్ఛ రాదు.) ఆ తర్వాతి తరం వాళ్లు భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి. చెట్ల మీద వాళ్లు ముగ్గురూ వేసిన బొమ్మలను చెన్నై తారా బుక్స్ 2006లో పుస్తకంగా తెచ్చింది. నల్లటి చేతి కాగితం మీద, స్క్రీన్ అచ్చుతో, చేత్తోనే ముద్రించారు. అచ్చు, చేతి కాగితం, గోండు బొమ్మ అన్నీ ఒకే చోట కలిశాయి. అన్నిటికన్నా మాకు నచ్చింది, అట్ట మీద ముగ్గురి పేర్లూ ఉండడం. శిబిరంలో వేలాడదీసిన బొమ్మల కింద ‘ట్రైబల్ ఆర్ట్’ అనే ఉంటుంది, పేరు ఉండదు.

మాదాపూర్‌లో శిల్పారామం 1992 నాటిది. సైబర్ టవర్స్ 1998లో వచ్చింది. అంటే చేతిపని వాళ్లకు చోటు చూపించాకే కంప్యూటర్లు వచ్చాయి. శిబిరాలు పెట్టేవాళ్లు ఆ చుట్టుపక్కల వాళ్లే. వాళ్లను మేము కోరేది పెద్దదేమీ కాదు. ఆదివాసీ రోజు పెడితే ఒక ఆదివాసీ కళాకారుణ్ణి గురువుగా పిలవండి. మిగతా గురువులకు ఇచ్చినంతే ఇవ్వండి. బొమ్మ కింద పేరు, ఊరు రాయండి. ఏది అచ్చు వేయవచ్చో, ఏది కూడదో ఆయన చెబితే వినండి.

మన బడుల్లో శిబిరం కోసం వేసవి దాకా ఆగనక్కరలేదు. దసరా, సంక్రాంతి సెలవులు చాలు. సామాను కూడా చవకే. లినోలియం దొరకకపోతే పాత హవాయి చెప్పు అడుగు పనికొస్తుంది. లేత టేకు ఆకు నలిపితే ఎర్రరంగు, మోదుగుపువ్వు ఉడికిస్తే పసుపు వస్తాయి. కోలాజ్‌కు ఎండుటాకులు, విత్తనాల పొట్టు, చీర పేలికలు ఉన్నాయి. బ్లేడు మాత్రం టీచరు చేతిలోనే ఉండాలి. చిన్న తరగతులకు బంగాళదుంప చాలు.

ఏం చెక్కించాలని కొందరు టీచర్లు అడుగుతున్నారు. అక్షరాలతో మొదలుపెట్టండి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఫోన్‌లో ఆ అక్షరాలు చూపించవచ్చు. కానీ పిల్లవాడు తన పేరును గుంజాల లిపిలో తిరగేసి చెప్పు అడుగు మీద కోయాలంటే ఒక్కో వంపునూ రెండుసార్లు చూడాలి. మొదటి అచ్చులో ఒకటో రెండో అక్షరాలు అద్దంలో చూసినట్టే వస్తాయి. వాటిని పారేయకుండా పక్కనే కొత్త అచ్చు వేసి, రెండూ బడి గోడకు అంటించండి.