గుండెకు బలమిచ్చు మందులు: ఒక విమర్శ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో పచ్చగన్నేరును ఎరుగనివారు అరుదు. దాని పప్పు విషమని పిల్లలకును తెలియును. ఆ విషము ఏ దారిని గుండెను ఆపునో, ఐరోపా మొక్కయగు డిజిటాలిస్ నుండి తీయు డిగాక్సిన్ ఆ దారినే గుండెకు బలమిచ్చును. కనుక ఈ ‘బలము’ అను మాటనే పరీక్షింపవలసియున్నది.

గుండె కొట్టుకొనుటకు కాల్షియం అవసరమని 1883లో సిడ్నీ రింగర్ కప్పగుండెపై చూపెను. కుళాయినీటికి బదులు శుద్ధజలముతో ద్రావణము చేయగా గుండె నీరసించెను. కాల్షియం చేర్చగా కోలుకొనెను. కావున నీరసించిన గుండెకు కాల్షియం పెంచినచో చాలునని తోచుట సహజమే. కాని చిక్కు అక్కడనే ఉన్నది.

విశ్రాంతిలోనున్న కండరకణము లోపలికంటె వెలుపల కాల్షియం సాంద్రత సుమారు 10,000 రెట్లు అధికము. ప్రతి స్పందనకును కొద్దిపాటి కాల్షియం లోనికి వచ్చి, కణములోని నిల్వ తలుపులను తెరచును. అచ్చటినుండి వెలువడిన కాల్షియం ట్రోపోనిన్ అను ప్రోటీనునకు అంటుకొనగా కండరము ముడుచుకొనును. పిమ్మట ‘సెర్కా’ అను పంపు దానిని మరల నిల్వలోనికి తోడివేయును; కొంత సోడియంతో మారకమై వెలుపలికి పోవును. నీరసించిన గుండెలో సాధారణముగా ఈ పంపు మందగించును, నిల్వ కారును. కాల్షియం మాత్రలు మ్రింగుట దీనికి చికిత్స కాదు.

డిగాక్సిన్ సోడియం పంపును అడ్డగించును. సోడియం లోపల పెరుగగా కాల్షియం వెలుపలికి పోవుట తగ్గి, నిల్వ నిండును, ముడుపు బలపడును. మితిమీరినచో నిల్వ అకాలమున పొర్లి లయ తప్పును. గన్నేరుపప్పు చేయునదియు ఇదియే. మందుకును విషమునకును నడుమనున్న గట్టు అంత సన్నము.

1997లో ప్రకటించిన పరీక్షలో, 6,800 మంది రోగులలో, డిగాక్సిన్ ఆసుపత్రి చేరికలను తగ్గించెను గాని మరణములను తగ్గించలేదు. కాల్షియంను మరియొక దారిని పెంచు మిల్రినోన్ సంగతి మరింత విషాదకరము: 1991 నాటి పరీక్షలో, 1,088 మందిలో, దానిని పుచ్చుకొన్నవారి మరణములు 28 శాతము ఎక్కువయ్యెను. అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినచో నాలుగడుగులు వేయును, అంతియే. ఇట్టి రోగులకు ఈయ ఒకప్పుడు వైద్యులు వెరచిన బీటా నిరోధకములు, గుండె జోరును తగ్గించియే, ఆయువును పెంచినవి!

పంపునే బాగుచేయుట ఇంతకంటె సరియైన ఆలోచన. సెర్కా జన్యువును వైరసు ద్వారా అందించి 250 మందిపై జరిపిన ప్రయత్నము మాత్రము విఫలమైనదని 2016లో ప్రకటించిరి. అయినను ఆలోచనయే తప్పనుట తొందరపాటు. పరీక్షకందిన గుండె తునకలలో చేరిన జన్యువు అత్యల్పముగా కనబడినది.

పాత మందు కథయు ముగియలేదు. 2025లో వెలువడిన పరీక్షలో డిజిటాక్సిన్, ఇతర మందులతోపాటు ఇవ్వగా, మరణములను ఆసుపత్రి చేరికలను కలిపి లెక్కించినపుడు 44 శాతము నుండి సుమారు 40 శాతమునకు తగ్గించెను. మరణములను వేరుగా చూచినచో తేడా స్పష్టము కాదు. మోతాదు బహుస్వల్పము, అదియును రక్తములో కొలిచి సరిదిద్దుచు ఇచ్చినది.