బిట్టు మెచ్చితే ఉప్పు మెచ్చదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్లతో వేట నిషేధం. ఆ 61 రోజులూ ఉప్పాడలో బోట్లు ఒడ్డెక్కుతాయి. వలలు అల్లుకునేదీ, ఇంజన్లు విప్పుకునేదీ అప్పుడే. ఉప్పు గాలిలో ఏడాదంతా తిరిగిన ఇంజన్ను విప్పబోతే ఎదురయ్యే పెద్ద చిక్కు, పోత అల్యూమినియంలో బిగుసుకుపోయిన ఉక్కు బోల్టు. ఉప్పునీటిలో ఉక్కునీ అల్యూమినియాన్నీ ఆనించి ఉంచితే వాటి మధ్య సన్నగా కరెంటు పుడుతుంది. అరిగేది అల్యూమినియమే. అది తెల్లటి పొడిగా మారి, లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుని, మరల మధ్య ఇరుక్కుంటుంది. నూనె పోసినా, వేడి చేసినా కదలని బోల్టుకి స్పానర్ వేసి బలంగా తిప్పితే తల తెగి చేతికొస్తుంది. లోపల మిగిలిన ముక్కని డ్రిల్లుతో తొలవాల్సిందే.

బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తన, దానికి బెజ్జం వేయడం ఎంతసేపు అనిపిస్తుంది. కానీ ఏ అల్యూమినియం? వంటింటి సత్తు గిన్నె దాదాపు స్వచ్ఛమైన లోహం. డ్రిల్లు దించితే అది తెగకుండా పాకంలా సాగి బిట్టుకి అతుక్కుంటుంది. అలాంటి లోహం పోతకీ పనికిరాదు. సన్నటి అచ్చుల్లోకి సరిగా పారదు, చల్లారేటప్పుడు పగుళ్లిస్తుంది. అందుకే పోతకి సిలికాన్ కలుపుతారు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. 12, 13 శాతం సిలికాన్ కలిస్తే 577 డిగ్రీలకే కరిగి, అచ్చులో మూలమూలకీ పారుతుంది.

పోతకి వచ్చిన ఈ సుఖానికి మూల్యం చెల్లించేది బిట్టు. సిలికాన్ రేణువులు హైస్పీడ్ స్టీలు బిట్టు కంటే కూడా గట్టివి. అవి ముతక పలకలుగా, సూదులుగా ఉంటే బిట్టు అంచుని గీకేస్తాయి. అమెరికాలో అలదార్ పాచ్ 1921లో పేటెంటు పొందిన పద్ధతి దీనికి విరుగుడు. కరిగిన లోహంలో కొద్దిగా సోడియం లవణం వేస్తే సిలికాన్ సన్నటి పోగులుగా గడ్డకడుతుంది. దాంతో పోత బలపడుతుంది, బిట్టుకీ కాస్త ఊరట. సిలికాన్ 16 నుంచి 18 శాతం ఉండే ఎల్ఎం30 అనే పోత మిశ్రమంలో మాత్రం అది విడి గడ్డలుగానే మిగులుతుంది. కార్ఖానాల్లో దాన్ని కోయడానికి వజ్రపు మొన వాడతారు.

ఇక రాగి. ఎల్ఎం24 అనే రకంలో సిలికాన్ 7.5 నుంచి 9.5 శాతం, రాగి 3 నుంచి 4 శాతం ఉంటాయి. పాత సామాను కరిగించి తయారు చేయడానికి వీలైన రకమిది. రాగి అల్యూమినియాన్ని గట్టిపరుస్తుంది, సాగే గుణాన్ని తగ్గిస్తుంది. రజను పొట్టిగా తునిగి గాడిలోంచి బయటికి వచ్చేస్తుంది, బెజ్జం గోడ నునుపుగా దిగుతుంది. కానీ ఉప్పునీరు తగిలితే రాగి ఎక్కువున్న రేణువుల చుట్టూ అల్యూమినియం గుంటలు పడుతుంది. అందుకే సముద్రానికి వెళ్లే భాగాలకి రాగి బాగా తగ్గించిన రకాలు ఎంచుకుంటారు. ఎల్ఎం6లో సిలికాన్ 10 నుంచి 13 శాతం ఉంటే, రాగి 0.1 శాతం దాటకూడదు. ఉప్పుని బాగా తట్టుకుంటుంది. డ్రిల్లు దగ్గర మాత్రం మొండికేస్తుంది: రజను అంచుకి అతుక్కుంటుంది, బిట్టు త్వరగా మొద్దుబారుతుంది.

మెగ్నీషియం 3 నుంచి 6 శాతం ఉండే ఎల్ఎం5 ఉప్పుకీ నిలుస్తుంది, బిట్టుకీ లొంగుతుంది. అయితే అది పోత పోసేవాడిని ఏడిపిస్తుంది. కరిగిన మెగ్నీషియం గాలి తగిలితే చాలు తెట్టు కడుతుంది, లోహం సరిగా పారదు. పోతనీ బిట్టునీ సముద్రాన్నీ ఒకేసారి మెప్పించే మిశ్రమం లేదు. ఒడ్డున కూర్చున్న మెకానిక్కు ఎక్కువగా దొరికేది సముద్రం కోసం ఎంచిన లోహమే.

అందుకే ఈ పనిలో మొదటి నేర్పు రజను చదవడం. రెండు మూడు మిల్లీమీటర్లు దించి ఆగి చూడాలి. పొట్టి ముక్కలు రాలితే రాగి ఉన్న పోత అనో, వేడి చికిత్సతో గట్టిపడినది అనో అనుకోవచ్చు. పొడుగు తీగలొచ్చి బిట్టుకి చుట్టుకుంటే మెత్తటి రకం. రజను మామూలుగానే ఉన్నా అంచు త్వరగా అరిగితే సిలికాన్ ఎక్కువని అర్థం. మెత్తటి రకానికి గాడి బాగా మెలితిరిగిన, నునుపైన బిట్టు కావాలి. ఆరు మిల్లీమీటర్ల బిట్టుని నిమిషానికి మూడు వేల చుట్లు తిప్పొచ్చు. సిలికాన్ ఎక్కువైతే వేగం తగ్గించాలి, సాణ మాటిమాటికీ పట్టాలి. ఏ రకానికైనా కిరోసిన్ తడి ఉండాలి, కొంచెం దించి పైకి తీసి రజను దులపాలి. అల్యూమినియంలో మరలకి బోల్టు మందానికి ఒకటిన్నర నుంచి రెండింతల లోతు కావాలి కనక ఈ దులపడం తప్పదు.

విరిగిన బోల్టు తొలవడం దీనికంటే కష్టం. ఉక్కు గట్టిది, చుట్టూ ఉన్న పోత మెత్తన. సెంటర్ పంచ్ గుర్తు అర మిల్లీమీటరు పక్కకి పడినా బిట్టు జారి మెత్తటి వైపు దిగిపోతుంది, మర పోతుంది. అప్పుడు బెజ్జం పెద్దది చేసి తీగచుట్ట మర వేయాల్సి వస్తుంది. ముందు సన్నటి బిట్టుతో నడిమధ్య దారి చేసుకుని, తర్వాత ఎడమవైపు తిరిగే బిట్టు వేస్తే చాలాసార్లు ముక్క దానంతటదే విడిపోయి బయటికొస్తుంది.

ఈ విద్య విలువ ఒక బోల్టుతో ఆగదు. పగిలిన భాగం బదులు చవగ్గా కొన్న భాగంలో డ్రిల్లు మరీ హాయిగా దిగిందంటే మెకానిక్ సంతోషించకూడదు, రాగిని అనుమానించాలి. బోటు యజమానికి ఆ సంగతి అప్పుడే చెప్పాలి: రంగు చెక్కుకుపోనివ్వకు, వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడుగు, రక్షణకి బిగించిన జింకు దిమ్మె అరిగితే మార్చు, బోల్టుకి గ్రీజు పట్టించి బిగించు. బెజ్జం ఎవరైనా వేయగలరు. ఆ భాగం ఉప్పులో నిలుస్తుందో లేదో రజను చూసి ముందే హెచ్చరించేవాడికి ఇచ్చే కూలి బోటుకి ఖర్చు కాదు.