మాయకు ముఖమే మూలము

జపాను చిత్రకారుడు యుకితో కిషిరో 1990లో ఆరంభించిన బొమ్మలకథలోని యంత్రబాలికకు రాబర్ట్ రోడ్రిగెజ్ 2019లో ‘అలీటా: బ్యాటిల్ ఏంజెల్’ చలనచిత్రమున ప్రాణము పోసినప్పుడు, కాగితముమీది ఆ విశాలనేత్రములను సగటు మానవనేత్రముల కొలతకు కుదింపక అట్లే నిలిపిన సాహసమును కొందరు మెచ్చిరి, కొందరు వెక్కిరించిరి, నేను మెచ్చినది ఆ కన్నుల వెనుక మెదలిన రోసా సలజార్ అభినయమును. ఆమె మొగముమీద చుక్కలు పెట్టి, తలకు బిగించిన చిన్న కెమెరాలతో ప్రతి కదలికను పట్టి, న్యూజిలాండులోని వేటా సంస్థ శిల్పులు దానిని బొమ్మకు తొడిగిరి. కన్నులను పెద్దవి చేసినది కంప్యూటరు; వానిలో బెదురు నింపినది నటి.

బొమ్మకు మనిషి మొగముతో ప్రాణము పోయుట మనకు క్రొత్త విద్య కాదు. చేర్యాల చిత్రకారులగు నకాషీలు గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి పట్టించి ఎఱ్ఱని నేలపై వరుసలు వరుసలుగా వ్రాసిన పటమును వ్రేలాడదీసి కథకులగు కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పునప్పుడు, పటములోని యముడు కదలడు, చెప్పువాని కనుబొమ్మ కదలును.

ఇక విజయావారి ‘మాయాబజార్’ (1957)! మార్కస్ బార్ట్లే కెమెరాను కదలనీయక, నటులను ఉన్నవారి నున్నట్లే స్తంభింపజేసి, ఒకరిని తప్పించి వేఱొకరిని నిలిపి మరల త్రిప్పుటచే రూపములు మాఱుట, లడ్డూలు తమంత తాము ఘటోత్కచుని నోటబడుట అందఱును పొగడినవే. కాని ఆ చిత్రమందలి పరమాద్భుతమునకు కెమెరా తంత్ర మేమియు లేదు: శశిరేఖ రూపమున నున్న ఘటోత్కచుని సావిత్రి నటించినది. ఆ సుకుమారి మెడ విఱుపులో, అడుగు వేయుటలో, హఠాత్తుగా గ్రుడ్లురుముటలో ఘటోత్కచ పాత్రధారి ఎస్వీ రంగారావు కనబడుచుండగా, ఏ యంత్రము దానికి సాటి?

ఆ చిత్రమునకు దర్శకుడు కె.వి. రెడ్డిగారి కడ పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారే 1991లో ‘ఆదిత్య 369’ తీసి, కాలయంత్రమున మనలను 1526లోని శ్రీకృష్ణదేవరాయల కొలువునకును 2504కును పంపిరి. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ మువ్వురు ఛాయాగ్రాహకులు చిత్రించినను ఒక్కచేతి పనివలె నుండును. బాలకృష్ణ రాయలుగను కథానాయకుడు కృష్ణకుమారుగను కనబడును. ద్విపాత్రలకు నాటి పద్ధతి యిది: దృశ్యమున సగము మూసి చిత్రించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, తక్కిన సగమును తెఱచి మరల చిత్రింతురు, నడుమ కెమెరా వెండ్రుకవాసి చలించిన అతుకు బయటపడును. నటుడు శూన్యమునే చూచి తనతో తాను మాటాడవలెను. చూపు జానెడు తప్పిన పాత్ర చచ్చినదే.

కనుక పచ్చగుడ్డ ముందు నటించుట దోషమని నే ననను. ఎదుట నున్నది రాక్షసుడో, రాకెట్టో చెప్పక, ‘తరువాత గ్రాఫిక్సులో చూచుకొందము’ అని నటుని చేయి విదిలింపజేసి, కోట్లు ధారపోసి, పొగమంచులో ప్లాస్టిక్కు భూతములను దొర్లించి దానినే విజ్ఞానకల్పనమని టముకు వేయు నేటి చౌకబారుతనము చూడగా కడుపు మండుచున్నది. ఏడువందల అనుకరణలు ఒక సావిత్రి మెడ విఱుపునకు తూగవు!

దర్శకులారా, మీరు గీయించిన బొమ్మలను గ్రాఫిక్సువారికంటె ముందు నటుని చేతి కిండు. అతడు చూడవలసిన దెంత ఎత్తున, ఎంత దూరమున నున్నదో కనీస మొక కఱ్ఱ నైనను పాతి చూపుడు.