రసికుల నిక్షేపము

కావ్యము వ్రాతలో నిలుచును. శిల్పము ఱాతిలో నిలుచును. మనోధర్మసంగీతము మాత్రము పుట్టిన క్షణముననే గతించును. ఈ నష్టమును సహింపలేని శ్రోతలు పాశ్చాత్యదేశములలో చిరకాలముగా నొక యుపాయము నవలంబించుచున్నారు. జాజ్ ఫ్యూజన్ కచేరీలకు చిన్న యంత్రములతో పోయి, వినినదానిని టేపుపై నెక్కించి, ఆ ప్రతులను తమవంటి రసికులతో మార్చుకొనుచుందురు. ఇది చౌర్యమని కొందఱును, కళాసేవయని కొందఱును వాదింతురు. రెండు వాదములందును సత్యాంశము గలదు. కావున నీ యాచారపు గుణదోషములను విమర్శించి చూచుట యుక్తము.

జాజ్ వాదకులు విద్యుద్గిటారును, విద్యుత్పియానోను, రాక్ సంగీతపు లయను స్వీకరించి కల్పించిన రీతికి ఫ్యూజన్ అని పేరు. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1969 ఆగస్టులో ధ్వనిముద్రణము చేసి 1970లో వెలువరించిన ‘బిచెస్ బ్రూ’ దానికి ప్రసిద్ధోదాహరణము. అయితే ఆ ఆల్బమునందు వాయించినది వాయించినట్లుండలేదు. నిర్మాత టియో మసేరో టేపును కత్తిరించి, ముక్కలను మరల నతికి, దానికి రూపము కల్పించెను. అది గొప్ప శిల్పమే. కాని యొకరి స్వరమునకు వేఱొకరు అప్పటికప్పుడు ప్రత్యుత్తరమిచ్చు సంవాదమును వినగోరువారికి కచేరి ముద్రణమే శరణ్యము.

ఆ సంవత్సరముననే డేవిస్, వేన్ షార్టర్, చిక్ కొరియా, డేవ్ హాలండ్, జాక్ డిజానెట్ అను నైదుగురు ఐరోపాఖండమున కచేరీలు చేసిరి. ఆ యైదుగురు మాత్రమే కూడి స్టూడియోలో నొక్క ఆల్బమైనను చేయలేదు. రేడియో ప్రసారములనుండి పట్టి రసికులు చేతులు మార్చుకొనిన టేపులే యనేకవత్సరములు వారి కీర్తిని నిలిపినవి. ఆ కచేరీలలో కొన్నిటిని కంపెనీ 2013లో ప్రకటించుచు, ఆ ప్రచురణశ్రేణికి ‘బూట్‌లెగ్’ అనియే పేరుంచినది! అందు 1969 జూలై 25వ తేదీని ఫ్రాన్సుదేశపు ఆంటీబ్‌లో జరిగిన కచేరిని వినుడు. ‘మైల్స్ రన్స్ ది వూడూ డౌన్’ అను కృతి స్టూడియోను చేరుటకు ముందే రంగముపై నెట్లు రూపుదాల్చుచుండెనో తెలియును. కవి చిత్తుప్రతిని చూచిన విమర్శకునకు గలుగు లాభమే యిచట శ్రోతకు గలుగుచున్నది.

ఈ మార్పిడిదారులు తమకు దామే విధించుకొనిన నియమములు రెండు ప్రశంసార్హములు. మొదటిది, అమ్మకూడదు. ఖాళీ క్యాసెట్టును తపాలాఖర్చును పంపినవారికి ప్రతి చేసి పంపవలెను. అంతకు మించి కాసైనను గ్రహింపరాదు. రెండవది, వంశక్రమమును దాచకూడదు. ఏ మైకుతో, సభలో నెచట గూర్చుండి పట్టినది, మూలమునకిది యెన్నవ తరపు ప్రతి యను వివరములు వెంట నుండవలెను. క్యాసెట్టునుండి క్యాసెట్టునకు ప్రతి చేసినప్పుడెల్ల రొద పెరిగి స్వరము మసకబాఱును గనుక నిది యవసరము. ఇప్పుడు కంప్యూటరు ప్రతులలో నా చిక్కు తొలగినను, నిడివి తగ్గించుటకై ఎంపీత్రీగా మార్చినచో ధ్వనిలో గొంత భాగము పోవును. పోయినది మరల రాదు. అందుచే నట్టి ప్రతులను వారు మార్పిడికి రానీయరు. లేఖకప్రమాదములచే పాఠములు చెడుట యెఱిగిన పండితునకు ఈ శ్రద్ధ సంతోషము గొలుపును. ఏ తాళపత్రప్రతి నాధారముగా గైకొనిరో చెప్పకయే గ్రంథములచ్చువేయు మన ప్రకాశకులు కొందఱు ఈ క్యాసెట్టు రసికులయొద్ద పాఠము నేర్వదగును.

ఇక దోషములు. అభిమానము గ్రుడ్డిదైనచో రక్షించుచునే నష్టపఱచును. ఫ్యూజన్ పుట్టుకకు ముందే, 1947, 1948 సంవత్సరములలో, డీన్ బెనెడెట్టి యను రసికుడు సాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ వాదనమును శ్రమకోర్చి పట్టెను. 1990లో గాని లోకమునకు దక్కని యా ముద్రణములు అమూల్యములే. కాని పార్కర్ వాయించుట ముగియగానే యాతడు చాలవఱకు యంత్రము నాపివైచెడివాడు! ప్రశ్న మిగిలినది, ప్రత్యుత్తరము పోయినది. మఱికొందఱు వందల గంటల టేపులు కూర్చి లెక్క చూచుకొందురేగాని వినరు, ఒరుల కీయరు. అటకపై గ్రంథములను చెదలకు విడిచి, అడిగినవారికి లేదనెడి గృహస్థునకును వీరికిని భేదమేమి?

అన్నిటికంటె పెద్దది యనుమతి ప్రశ్నము. మనోధర్మమునకు సాహసము ప్రాణము. సాహసించువాడు తప్పును. ఆ తప్పు శాశ్వతమగునన్న భయము గలిగినచో వాదకుడు నిన్న మెప్పు వచ్చినదానినే నేడును వాయించును. తాను వృథాయైనదనుకొనిన రాత్రిని లోకము మఱచిపోవలెనని కోరుటకు వానికి హక్కు గలదు. 1994లో అమెరికాలో వెలసిన చట్టమును, అదే యేట మన కాపీరైటు చట్టమునకు జరిగిన సవరణమును వాదకులకు తమ ప్రదర్శనముపై హక్కు నొసంగినవి. “డబ్బు దీసికొనలేదు” అను సమాధానము ఈ యాక్షేపమునకు చాలదు.

మన ధర్మశాస్త్రములు నిక్షేపమును వ్యవహారపదములలో నొకటిగా జెప్పినవి. ఒరులసొత్తును దాచినవాడు దానిని కాపాడవలెను, దానిచే లాభము పొందరాదు, సొంతదారు డడిగినప్పుడు మాఱుమాట లేక యీయవలెను. కచేరి టేపునకును ఇదియే ధర్మము. “దాచుమని యతడు మాకీయలేదు గదా” యందురేని, ఆ మాట యనుమతి యావశ్యకతనే స్థాపించుచున్నది. అది యసాధ్యము గాదు. గ్రేట్‌ఫుల్ డెడ్ అను రాక్ బృందము 1984లో టేపుదారులకు సభలో ప్రత్యేకస్థాన మేర్పఱచినది. అడిగి పట్టుట, వలదన్నచో మానుట, పట్టినదానిలో నొక ప్రతిని వాదకునకే ముందుగా నిచ్చుట — ఈ మూడును చేరినగాని మార్పిడిదారుల నీతి సంపూర్ణము కాదు.

ఈ విచారము మనకు దూరపుది కాదు. పాలకొల్లున బుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో గూడి ‘రిమెంబర్ శక్తి’ బృందమున వాయించెను. 2014లో శ్రీనివాస్‌ను, 2024లో జాకీర్ హుస్సేన్‌ను గోల్పోతిమి. వారి యొక రాత్రి సంవాదము మఱియొక రాత్రి వినబడదు. ఇక నే రాత్రియు వినబడదు. మన యిండ్లలోను పెండ్లికచేరీల, ఉత్సవకచేరీల క్యాసెట్టులు పేరులేక, తేదీలేక పెట్టెలలో బడియున్నవి. గృహిణులును గృహస్థులును వాటిని దీసి, ఎవరు, ఎచట, ఎప్పుడు వాయించిరో తెలిసినంతవఱకు వ్రాసి, ఆ విద్వాంసులకో వారి బిడ్డలకో యొక ప్రతి పంపుదురుగాక. వారి సమ్మతి పొంది పిమ్మట పదుగురకు వినిపింపవచ్చును.