రేక పట్టేది ఒకరు, పోసేది ఒకరు

తాటివనంలో కల్లు తాగడం ఒంటరిగా అయ్యే పని కాదు. తెలంగాణలోని రాయికల్ చుట్టుపక్కల ఊళ్లలో రేక పట్టి తాగే పద్ధతిని నేను ఆటగానే చూస్తాను. ఇద్దరు కలిసి గెలవాల్సిన ఆట, ఓడినా ఇద్దరూ కలిసే ఓడాలి.

తాటాకు కోసి, నడుమ పల్లం వచ్చేలా మడిస్తే రేక. తాగేవాడు గొంతుకూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి, రేక ఒక కొసను పెదవుల దగ్గర పట్టుకుంటాడు. ఎదుటివాడు కల్లు లొట్టి వంచి రెండో కొసలో పోస్తాడు. ధార తెగొద్దు, చుక్క కింద పడొద్దు. చాలనుకుంటే చెయ్యెత్తాలి, ఎత్తగానే లొట్టి ఆగాలి. అన్నిటికంటే ముందు ఎల్లమ్మ తల్లికి నేల మీద కొంచెం కల్లు సాక పోస్తారు.

నేర్పంతా పోసేవాడిదే. వాడి చూపు లొట్టి మీద ఉండదు, తాగేవాడి గొంతు మీద ఉంటుంది. గుటక వేగం చూసి ధార సన్నం చేస్తాడు, లావు చేస్తాడు. లెక్క తప్పితే కల్లు గడ్డం మీదుగా అంగీలోకి కారుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల మాటలు పడేది తాగినవాడు కాదు, పోసినవాడు: "మెల్లగ పొయ్యి బావా, మడికి నీళ్లు పెడ్తున్నవా?"

తాగడాన్ని ఆటగా మలచుకున్నది మనమొక్కరమే కాదు. ప్రాచీన గ్రీసు విందుల్లో కొట్టబోస్ అనే ఆట ఉండేది. గిన్నె అడుగున మిగిలిన ద్రాక్షసారాను గురిచూసి విసిరేవారు. స్పెయిన్‌లోని కాటలోనియాలో పొర్రో అనే గాజుపాత్రను ఎత్తిపట్టి, పెదవి తగలకుండా సన్నధార నోట్లో పోసుకుంటారు. మన రేకకు అది దగ్గరి చుట్టం. ఓడినవాడు గ్లాసు ఖాళీ చేయాలనే ఆటలు మాత్రం నాకు నచ్చవు. వాటిలో తాగడమే శిక్ష. రేక ఆటలో ఎత్తిన చేతికి ఎదురుమాట లేదు.

రాయికల్ ప్రాంతంలో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. మద్యనిషేధమున్న కువైట్‌లో ఏళ్లు గడిపి సెలవు మీద వచ్చినవాడు దోస్తులతో తాటివనం దారి పడతాడు. అక్కడ పోతాడు, పరుపుతాడు, పండుతాడు అంటూ కాలాన్ని బట్టి గీసే తాటిచెట్టు మారుతుంది, రుచీ మారుతుంది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. అందుకే చెట్టు కిందే తాగాలంటాను.

అలా పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి మనుషులు చనిపోయారు. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు మన రాష్ట్రంలో ఎన్నోసార్లు పట్టుబడింది. కళ్ల ముందు చెట్టు దిగిన లొట్టికి ఆ భయం లేదు.

అయితే ఆ లొట్టి కోసం కల్లు గీసే గౌడన్న మోకు వేసుకుని ప్రాణం పణంగా పెట్టి ఎక్కుతాడు. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రతి గీత కార్మికుడికీ అవి అందాలి.

ఈసారి వనానికి వెళ్తే ప్లాస్టిక్ గ్లాసులు కొనుక్కుపోకండి. గౌడన్న మోకు వెయ్యకముందే "అన్నా, రేకకు ఆకు గూడ కొయ్యవా" అని అడగండి. దిగినాక అడిగితే ఆకు కోసమే మళ్లీ ఎక్కాల్సి వస్తుంది.