తగినంత మంది

కథకీ, నవలకీ, ఆఖరికి కార్టూనుకీ సమీక్షలు రాసేవాళ్ళున్నారు గానీ, "అరిసెలు: కావలసిన పదార్థాలు" అనే రచన బాగుందా లేదా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నిజం చెప్పుకోవాలంటే మన ఇళ్ళల్లో పత్రికలోంచి కత్తిరించి ఏళ్ళ తరబడి దాచుకున్న రచన అదొక్కటేనేమో! మా బీరువాలో కవితలేవీ లేవు. నూనె మరకలతో పచ్చబడిన వంటల కాగితాలు మాత్రం ఓ కట్ట ఉన్నాయి. మొన్న సంక్రాంతికి ముందు ఆ కట్ట విప్పి, ఈసారి వండడానికి కాకుండా విమర్శించడానికి చదివాను.

ముందు మంచే చెప్పాలి కదా. ఈ రచనల్లో ఒక్క మాట వృథాగా ఉండదు. "దోరగా" అన్న మాట చూడండి. పచ్చీ కాదు, మాడిందీ కాదు, ఆ నడిమి క్షణం మూడక్షరాల్లో పట్టుబడిపోయింది. మన రచయితలు నాయిక మనఃస్థితికి పేజీలు ఖర్చు పెడతారు!

"తగినంత" అన్న మాటని వెక్కిరించేవాళ్ళు చాలామందే ఉన్నారు. తగినంతంటే ఎంతమ్మా అని మా వారు కూడా నవ్వుతారు. నేను నవ్వను. శ్రీరామనవమి పానకమే తీసుకోండి. ఏ బెల్లం ఎంత తీపో కలిపి చూస్తే గాని తెలియదు. మిరియాల ఘాటు తాగే పిల్లల్ని బట్టి ఉంటుంది. బెల్లం నీళ్ళలో కరిగించి, వడగట్టి, మిరియాల పొడీ, యాలకుల పొడీ తగినంత వేయడం. అంతే. పొయ్యితో పని లేదు. ఒక మనిషీ, ఒక బిందే చాలు. పానకం గురించి రాసిన అయిదు వాక్యాలూ అక్షరాలా నిజం.

పేచీ అంతా అరిసెలతోనే.

మా పెళ్ళయిన మరుసటేడు, 1979లో, హైదరాబాదులో రెండు గదుల వాటాలో నా మొదటి సంక్రాంతి. అమ్మా దగ్గర లేదు, అత్తగారూ దగ్గర లేరు. ఒక వారపత్రికలోంచి చింపిన కాగితం గోడకి గుచ్చి మొదలుపెట్టాను. కిలో బియ్యప్పిండి, ముప్పాతిక కిలో బెల్లం. "ఉండపాకం రాగానే పిండి కొద్దికొద్దిగా పోస్తూ, ఉండలు కట్టకుండా కలపండి" అని రాశారు. సరే. ఒక చేత్తో తెడ్డు పట్టుకున్నాను. గిన్నె గిర్రున తిరిగిపోతోంది గనక రెండో చేత్తో గిన్నె పట్టుకున్నాను. పిండి ఏ చేత్తో పోయను? ఆ ఆలోచన తేలేలోగా పాకం ముదిరిపోయింది. పైగా వాళ్ళు బియ్యప్పిండి అన్నారే గాని తడిపిండి అనలేదు. నేనేమో మరలో ఆడించిన పొడిపిండి తెచ్చుకున్నాను. అరిసెలు నూనెలో పడి బీటలు వారి, చల్లారాక పలకల్లా తయారయ్యాయి. మా వారు సరదాకే, "సుత్తి ఎక్కడుందోయ్?" అన్నారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆ తరవాత చాలా ఏళ్ళు, నా చేతిలో అరిసెల పాకం లేదనే నమ్మాను. ఎవరైనా అడిగితే నేనే ముందుగా చెప్పేసేదాన్ని. తప్పు ఆ కాగితంలో ఉండొచ్చన్న ఊహే రాలేదు. అచ్చయిన మాట మీద మనకి అంత గురి!

ఇప్పుడు చదివితే తెలుస్తోంది, తప్పు కొలతల్లో లేదు. వ్యాకరణంలో ఉంది. "బియ్యం నానబెట్టి, వడకట్టి, దంచి, జల్లించి, పాకం పట్టి" అని రాస్తారు. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు క్త్వార్థకం గురించి చెప్పిన సూత్రం ఇంకా గుర్తుంది. ఆ "ఇ" చివర వచ్చిన పనులూ, వాక్యం కొసని వచ్చే పనీ, అన్నీ ఒకే కర్త చేయాలి. రాముడు వచ్చి సీత వండింది అనకూడదు. ఆ లెక్కన పై వాక్యంలో ఉన్నది ఒకే ఒక్క మనిషి. పగలూ రాత్రీ నానబెట్టేదీ, తడి ఆరకముందే దంచేదీ, జల్లించేదీ, పాకం చూసేదీ ఆవిడే!

మా అమ్మమ్మగారింట్లో అరిసెలు అలా ఎప్పుడు జరిగాయి గనక! నీళ్ళ పళ్ళెంలో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసేది అమ్మమ్మ. తెడ్డు మా అమ్మ చేతిలో. పిండి పోసేది పిన్ని. రోట్లో బియ్యం దంచడానికి ఇద్దరు ఆడవాళ్ళు కూలికి వచ్చి రోకళ్ళు ఒకటి తరవాత ఒకటి వేసేవారు. వాళ్ళ పేర్లు ఏ వంటల పుస్తకంలోనూ ఉండవు, అసలు మా ఇంట్లోనే ఎవరూ తలుచుకోరు. నూనెలోంచి తీసిన అరిసెని రెండు గరిటెల మధ్య వత్తే పని, నిద్ర ఆపుకోలేని మా పిల్లలది. తెలంగాణలో సకినాలకీ ఇంతే. నేల మీద బట్ట పరిచి, ఇరుగూ పొరుగూ కూర్చుని చుట్టాల్సిందే. పదార్థాల పట్టికలో వాము, నువ్వులు ఉంటాయి. పక్కింటావిడ ఉండదు.

మన కవులైనా రాశారా అంటే, వాళ్ళకి విస్తరి కనిపించినంతగా పొయ్యి కనిపించలేదు. ఒక్క చోట మాత్రం ఆశ్చర్యపోయాను. "ఆముక్తమాల్యద"లో విష్ణుచిత్తుడు అతిథులకి కాలానికి తగ్గట్టు భోజనం పెడతాడు కదా. జడివాన రోజుల వంట చెబుతూ రాయలవారు, పొగ భార్య కళ్ళలోకి పోకుండా ఎండు కొబ్బరి చిప్పలతో వండించాడంటారు. పదహారో శతాబ్దంలో, సింహాసనం మీద కూచున్న మనిషికి వండే ఆవిడ కళ్ళు గుర్తొచ్చాయి. నా కాగితాల కట్టలో అలాంటి వాక్యం ఒక్కటి లేదు. అవి రాసినవాళ్ళలో చాలామంది మనలాంటి ఆడవాళ్ళే సుమా!

అలాగని వాటిని పారేయమనను. మాలతీ చందూర్ గారి "వంటలు-పిండివంటలు" ఆడపిల్లకి సారెతో పాటు పెట్టి పంపిన ఇళ్ళు నాకు తెలుసు. పెద్దదిక్కు లేని కాపురాల్లో, మర్మం చెప్పని అత్తగార్లున్న ఇళ్ళల్లో, అచ్చులో దొరికిన ఆ నాలుగు ముక్కలే ఆధారం. ఇప్పటి పిల్లలు ఫోనులో వీడియోలు చూస్తారు. పాకం రంగు కళ్ళారా కనపడుతుంది, అది మంచిదే. అక్కడా ఒక్కావిడే చకచకా చేసేస్తూ ఉంటుంది. రెండో మనిషి ఉంది లెండి, కెమెరా పట్టుకుని.

బెంగుళూరు నుంచి మా కోడలు ఫోను చేసింది. "అత్తయ్యా, పండక్కి స్నేహితుల్ని పిలిచాం. అరిసెలు చేద్దామనుకుంటున్నా. కొలతలు చెప్పండి, రాసుకుంటాను" అంది.

"రాసుకో. మనుషులు ముగ్గురు. తడిపిండి కిలో..."

"మనుషులేమిటి అత్తయ్యా?"

"ముందు అదే రాయమ్మా."

కాసేపు ఆలోచించి, "మీ అబ్బాయిని లెక్కలోకి తీసుకోవచ్చా?" అంది.

తెడ్డు తిప్పడానికి వాడి భుజాలు బాగానే పనికొస్తాయన్నాను. పాకం మాత్రం వాడికి అప్పగించొద్దన్నాను. మూడో మనిషికి వచ్చే స్నేహితురాళ్ళలో ఒకామెని పొద్దున్నే రమ్మంటానంది. తినే వేళకి రమ్మని పిలిచి, వండే వేళకి రమ్మంటే బాగుంటుందా అని సందేహించింది కూడాను.

"ఫోను ఇలా ఇవ్వు, నేను పిలుస్తాను" అన్నాను.