ఇంటి రాయబారం

మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోని ఇంట్లో పిల్లలకి పని ఎక్కువ. "మీ తాతయ్యని భోజనానికి లెమ్మను" అని అమ్మమ్మ వంటింట్లోంచి అనేది. తాతయ్య పక్క గదిలోనే పడక్కుర్చీలో ఉండేవాడు, ఆ మాట ఆయనకి వినబడుతూనే ఉండేది. అయినా నేను వెళ్లి చెప్పాల్సిందే. "కాసేపాగి తింటానని చెప్పు. నా తిండి మీద అంత పట్టింపుంటే పొద్దున్న ఆ మాట అనేది కాదని కూడా చెప్పు" అనేవాడు. నేను వంటింటి గుమ్మం చేరేసరికి మొదటి ముక్క మాత్రమే మిగిలేది.

ఈ పని నాకెవరూ నేర్పలేదు, చెయ్యగా చెయ్యగా పట్టుబడింది. ఇప్పుడు నాకూ అరవై దాటాయి. చుట్టాల్లో పెద్దవాళ్లు ఎడమొహం పెడమొహంగా ఉన్నారని తెలిస్తే, "నువ్వొకసారి వెళ్లి రాకూడదూ" అని ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తారు. నేను వెళ్తాను. ఇది చిన్న పని అని నేనెప్పుడూ అనుకోలేదు.

కటువుగా ఉన్న ముక్క వదిలెయ్యొచ్చు. అనని మంచి మాటని మాత్రం కల్పించి చెప్పకూడదు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి అవతలివాళ్ల నోట ఏ మాట వస్తుందో, ఏది రాదో బాగా తెలుసు. "నీ మీద బెంగగా ఉందన్నారు" అని ఒక చుట్టం సర్దిచెప్పబోతే, "ఆయన ఆ మాట అనరే" అని అమ్మమ్మ అక్కడికక్కడే పట్టేసింది. ఆ తర్వాత ఆ చుట్టం నిజం చెప్పినా అమ్మమ్మ నమ్మలేదు. మోయడానికి వీలైనవి పనుల కబుర్లు. నీళ్లు కాగాయి, బీపీ మాత్రలు రెండే ఉన్నాయి, కరెంటు బిల్లుకి రేపే ఆఖరు. వీటిని ఎంత కోపంలో ఉన్నవాళ్లైనా పంపుతారు, అవతలివాళ్లు పుచ్చుకుంటారు.

ఇంకొకటి తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. పెద్దవయసులో తగువు దేని మీద మొదలైందో దాని మీద కాదు. ఫ్యాను స్పీడు, టీవీ చప్పుడు, పులుసులో ఉప్పు, ఇవన్నీ పైకి కనిపించేవి. ప్రభుత్వోద్యోగి ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకి, తెలంగాణలో 61 ఏళ్లకి రిటైరవుతాడు. శాలువా కప్పించుకుని ఇంటికొచ్చిన ఆ మనిషి మర్నాడు పొద్దున్న ఆ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి? అన్నేళ్లుగా పగలంతా ఆ ఇల్లు ఆవిడది. ఇప్పుడాయన ఫ్రిజ్ తెరిచి "ఈ పెరుగు ఎన్నాళ్లది?" అంటాడు. ఇంత ఆలస్యమేమిటని పనమ్మాయిని గదమాయిస్తాడు. ఆ అమ్మాయి మానేస్తే అంట్లు తోమాల్సింది ఆవిడ. ఇద్దరికీ తీరిక దొరికేసరికి పాతవి కూడా పైకి వస్తాయి. ఆడపడుచు పెళ్లికని చెప్పకుండా అమ్మేసిన కాసులపేరు, పుట్టింట్లో తల్లి పోయినప్పుడు సెలవు దొరకలేదని ఆయన రాకపోవడం. పిల్లల చదువులూ పెళ్లిళ్లూ నడుస్తున్నన్నాళ్లూ ఇవి అడగడానికి ఆవిడకి వ్యవధి లేదు. "ఈ వయసులో ఇప్పుడవన్నీ ఎందుకు?" అంటారు పిల్లలు. ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు అడుగుతుంది?

అలకకి మధ్యన మనిషి కావాలని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. తిరుమలలో ఏటా వైకుంఠ ఏకాదశి తర్వాత ఆరో రోజున ప్రణయ కలహోత్సవం జరుగుతుంది. మలయప్పస్వామి ఒక దారిన పల్లకిలో వస్తే, శ్రీదేవి భూదేవులు ఎదురు దారిన తమ పల్లకీల్లో వచ్చి నిలబడతారు. అమ్మవార్ల తరఫున జియ్యంగార్లు పూలచెండ్లు విసురుతారు. స్వామి బెదిరినట్టు వెనక్కి జరుగుతాడు. నిష్ఠూరపు పాశురాలన్నీ చదివాకే కలిసి గుడికి వెళ్లడం. అమ్మవార్ల కోపం ముందు బయటపడాలి, స్వామి వెనక్కి తగ్గాలి. ఆ వరస మార్చరు. నంది తిమ్మన పారిజాతాపహరణం రాయడం వెనక కూడా ఇలాంటి కథే చెప్పుకుంటారు. కృష్ణదేవరాయలకీ రాణి తిరుమలదేవికీ మాటలు లేని రోజుల్లో, సత్యభామ కాలితో తన్నినా కృష్ణుడు ఆగ్రహించకపోవడాన్ని రాజు చెవిన పడేలా కావ్యంలో పెట్టాడట. ఆయన రాజుకి నీతులు చెప్పలేదు, కథ వినిపించాడు. అది గొప్ప రాయబారం.

మా బాబాయి బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఊళ్లో ఉన్న ఇంటి స్థలం బేరం పెట్టి, అడ్వాన్సు పుచ్చుకుని, ఆ తర్వాత పిన్నికి చెప్పాడు. ఆవిడ మాట్లాడటం మానేసింది. వేళకి వండి, కంచం పెట్టి, పక్క గదిలోకి వెళ్లిపోయేది. అమెరికాలో ఉన్న కొడుకు "పోనీ అమ్మని ఆర్నెల్లు మా దగ్గరికి పంపండి" అన్నాడు. హైదరాబాదులో ఉన్న కూతురు తల్లి పక్షాన తండ్రిని నిలదీసింది. ఆదివారం వీడియో కాల్‌కి మాత్రం ఇద్దరూ సోఫాలో పక్కపక్కనే కూర్చుని నవ్వేవారు. ఫోన్ పెట్టెయ్యగానే ఎవరి గదికి వాళ్లు.

నేను వెళ్లి ఉన్నాను. వెళ్లగానే ఏమీ అడగలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పిన్నే మొదలుపెట్టింది. "స్థలం అమ్మొద్దంటానా? అడిగుంటే సరే అనేదాన్ని. అడగలేదు." సాయంత్రం వాకింగ్‌లో ఆ మాట బాబాయికి చెప్పాను. "ఇన్నేళ్లూ అన్నీ నేనే చూడలేదూ? ఎప్పుడైనా అడిగానా?" అన్నాడు. ఆ మాట నేను పిన్నికి చేరవెయ్యలేదు. చేరవెయ్యాల్సిన పని కూడా లేకపోయింది. తనన్న మాట తనకే వినబడినట్టుంది, ఇల్లు చేరేదాకా ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

రెండ్రోజులకి బీరువాలోంచి ఎల్ఐసీ కాగితాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, లాకరు తాళం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. ఊరందరి చేతా ఖాతాలు తెరిపించిన మనిషి, తన ఖాతాలో భార్య పేరు చేర్పించలేదు. 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని మార్పించే ఫారం కూడా తెచ్చాడు. "ఈ డిపాజిట్ వచ్చే నెల మెచ్యూర్ అవుతుంది. ఏం చేద్దాం?" అని అడిగాడు. "మీ ఇష్టం" అంది పిన్ని. మామూలుగా అయితే అక్కడితో అయిపోయేది. ఆయన లేవలేదు. "నా ఇష్టం కాదు, నువ్వు చెప్పు" అని కూర్చున్నాడు. పిన్ని కళ్లజోడు తెచ్చుకుని రసీదులు ఒక్కొక్కటే చదివింది. సగం మళ్లీ వెయ్యమంది. సగం తన మోకాళ్ల ఆపరేషన్‌కి ఉంచమంది. ఆవిడ మోకాళ్లు అంతదాకా వచ్చాయని బాబాయికి అప్పటివరకూ తెలియదు. క్షమించమన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. నేను అనిపించబోలేదు కూడా.

ఇలా అడిగేవాళ్లూ, ఆ మాట మోసేవాళ్లూ లేకపోతే తగువు ఎంత దూరం పోతుందో 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో చూశాను. భర్తకి 89, భార్యకి 82. పెళ్లి 1963లో. 1984లో ఆయనకి మద్రాసు బదిలీ అయితే ఆవిడ వెంట వెళ్లలేదు. ఆయన 1996లో విడాకులకి కోర్టుకెక్కాడు. ఆఖరికి జస్టిస్ అనిరుద్ధ బోస్, జస్టిస్ బేలా త్రివేదిల ధర్మాసనం విడాకులు ఇవ్వనంది. విడాకులు పుచ్చుకున్నదన్న పేరుతో చనిపోదలచుకోలేదని, ఆయన్ని చూసుకోవడానికి సిద్ధమేనని భార్య చెప్పుకుంది. ముందు రాజీకి ప్రయత్నించాలని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టమే కోర్టులకి చెబుతోంది. కానీ న్యాయమూర్తులు విడాకులు కాదనగలరు గానీ, ఆ ఇద్దరి మధ్యా అన్నేళ్లుగా ఆగిపోయిన మాటని కదిలించలేరు. ఆ పని చుట్టుపక్కల ఉన్నవాళ్లు ముందే చెయ్యాలి.

అయితే నేను రాయబారం వెళ్లని ఇళ్లున్నాయి. చెయ్యి చేసుకునే ఇల్లు అందులో మొదటిది. అరవై అయిదు దాటిన ఒకావిడ మొన్న చేతి మీద కమిలిన మచ్చ చూపించింది. ముప్ఫై ఏళ్లుగా జరుగుతున్నదే. "ఇన్నాళ్లు సర్దుకున్నావు, ఇంకెన్నాళ్లు, నువ్వొకసారి నచ్చజెప్పు" అని ఆమె కొడుకే నాతో అన్నాడు. నేను నచ్చజెప్పలేదు. 2005 గృహహింస చట్టానికి వయసుతో పని లేదు. ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఆవిడకి ఆ చట్టమే ఇస్తుంది. ఆదాయం ఎంతైనా సరే ఆడవాళ్లకి లాయరుని ఉచితంగా ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవల సంస్థ కార్యాలయం ఉంటుంది. ఆడవాళ్లకి 181, పెద్దవాళ్లకి 14567, ఈ రెండు నంబర్లూ ఒక కాగితం మీద రాసి ఆవిడ చేతిలో పెట్టాను. తర్వాత ఆవిడతో కలిసి ఆ కార్యాలయానికి వెళ్లాను. ఇప్పుడావిడ చెల్లెలింట్లో ఉంటోంది. మేజిస్ట్రేట్ కోర్టులో కేసు నడుస్తోంది, సంస్థ ఇచ్చిన లాయరమ్మే వాదిస్తోంది.